తెర మీది బొట్టుబిళ్ళ

వాదనలో మీ చేతిలో ఓడిపోయిన మనిషి మళ్ళీ మీ గుమ్మం తొక్కడం ఎప్పుడైనా చూశారా? తొందరపడి జవాబు చెప్పకండి. ఈ ప్రశ్నకి జవాబు దొరకడం కోసం కాకినాడలో ఉజ్వల అనే అమ్మాయి ఒక మధ్యాహ్నం నోరు మూసుకుని కూర్చోవలసి వచ్చింది. ఆమెకి అదెంత కష్టమో తెలియాలంటే కాలేజీ డిబేట్లలో ఆమె ఎదుట నిలబడ్డవాళ్ళని అడగాలి.

ఉజ్వల కంప్యూటర్ మీద నడిచే ఒక పనిముట్టు తయారుచేసింది. పేరు 'సంత'. క్రిప్టో నాణేలు, అంటే కంప్యూటర్లోనే ఉండే డబ్బు, కొని అమ్మే మార్కెట్లో ఏ ధర దగ్గర ఎన్ని ఆర్డర్లు కాచుకుని ఉన్నాయో మామూలుగా అంకెల వరసలుగా పరిగెడుతూ ఉంటుంది. చూస్తే కళ్ళు తిరుగుతాయి. సంతలో ఆ ఆర్డర్లే బొమ్మగా కనిపిస్తాయి. కొనేవాళ్ళది పచ్చ కొండ, అమ్మేవాళ్ళది ఎర్ర కొండ. కోడు మొత్తం అందరి ముందూ పెట్టేసింది. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, దిద్దవచ్చు, నచ్చకపోతే ఫిర్యాదుల పేజీలో రాయవచ్చు. రాసిన ప్రతివాళ్ళకీ ఉజ్వల జవాబిచ్చింది. అలాంటిలాంటి జవాబులా, పాయింటు పాయింటుకీ ఖండన! చివర 'ముగిసింది' అని తలుపు బిగించేది.

కొన్నాళ్ళకి ఫిర్యాదులు ఆగిపోయాయి. ఆ వెనకాలే వాడేవాళ్ళూ తగ్గిపోయారు. తనతో కలిసి కోడు రాసే స్నేహితులిద్దరూ మరో పనిముట్టు వైపు వెళ్ళిపోతామన్నారు. మూడేళ్ళ కష్టం కళ్ళ ముందే జారిపోతుంటే ఉజ్వల కామేశం మాస్టారి మేడ గదికి విసురుగా వచ్చింది.

"మాస్టారూ, నేను రాసిన జవాబుల్లో ఒక్క తప్పు చూపించండి. ఒక్కటి! లేదు కదా. మరి జనం ఎందుకు పోతున్నారు? ఆదివారం దాకా చూస్తానండి. తర్వాత సంతకి తాళం వేసేస్తాను."

కామేశం మాస్టారు పాలిటెక్నిక్‌లో కంప్యూటర్లు చెప్పి రిటైరైన మనిషి. ఇప్పుడు ఆ గదిలోనే పదిమందిని కూర్చోబెట్టి పాఠాలు చెబుతున్నారు. ఆయనకో అలవాటుంది. ప్రశ్న తేలికదైతే కూర్చునే జవాబిస్తారు. కష్టమైనదైతే లేచి చెప్పులు వేసుకుంటారు. ఆ రోజు వేసుకున్నారు.

"డాక్టర్ వైదేహిగారు తెలుసా నీకు?"

"తెలీదండి."

"తెలుసు. నీ ఫిర్యాదుల పేజీలో ఆఖరున రాసింది ఆవిడే."

ఉజ్వలకి గుర్తొచ్చింది. గుర్తురాకేం, స్నేహితులకి చూపించి మురిసిపోయిన జవాబది. ఆవిడ రాసింది ఒక్క ముక్క: 'అందరి ఆర్డర్లూ కనిపిస్తున్నాయండి, నాది ఎక్కడుందో తెలియడం లేదు.' ఉజ్వల ఐదు పాయింట్లు రాసింది. సంత చూపించేది మార్కెట్‌ని, ఒక్కొక్క మనిషిని కాదు. మీ ధర మీకు తెలుసు. ధరలన్నీ బొమ్మ కింద గీత మీదే ఉన్నాయి. చూసుకోవచ్చు... ఇలా. దానికి ఆవిడ 'సరేనండి, మీరు చెప్పిందే కరెక్టు' అని రాసి ఊరుకుంది. ఎదుటివాళ్ళు అంత శుభ్రంగా ఒప్పేసుకోవడం ఉజ్వల ఏ డిబేట్లోనూ చూడలేదు.

దారిలో మాస్టారు ఒక కరక్కాయ ముక్క చేతిలో పెట్టారు.

"పోటీకి ముందు బుగ్గన పెట్టుకుంటావుగా, గొంతు లేవడానికి. ఇవాళ లేవకుండా ఉండడానికి పెట్టుకో. నోరు విప్పావా, వెనక్కి వచ్చేద్దాం."

"మరీ చిన్నపిల్లలా ఏంటండి..."

"అదిగో, అప్పుడే మొదలెట్టేశావు."

వైదేహిగారు పశువుల డాక్టరు. సొంత క్లినిక్కు. బల్ల పక్కన బుట్టలో కాలికి కట్టుతో ఒక కుక్కపిల్ల పడుకుని ఉంది. ఆవిడ లాప్‌టాప్‌లో సంత చూసుకుంటూ తలెత్తింది.

"రండి మాస్టారూ. ఎవరికి బాగాలేదు?"

"ఈ అమ్మాయికేనండి. నోరు పడిపోయింది."

"అయితే నా పేషెంటే. నా దగ్గరికొచ్చేవాళ్ళెవరూ నోటితో చెప్పరు" అని ఆవిడ నవ్వింది. సంత ఎలా వాడతారో చూపించమని మాస్టారు అడిగితే కుర్చీ జరిపి చోటిచ్చింది.

తెర అంచున, అద్దం మీద అంటించుకున్నట్టు, బొట్టుబిళ్ళలు వరసగా ఉన్నాయి. అవెందుకో ఉజ్వలకి అర్థం కాలేదు. ఆవిడ తన దగ్గరున్న క్రిప్టో నాణేల్లో సగం అమ్మకానికి పెట్టింది. "మిగతా సగం కదిలించనండి. మా అమ్మాయి చదువుకి" అంటూ ఒక బిళ్ళ ఊడదీసి, ఎర్ర కొండ మీద ఒకచోట అంటించింది. "ఇదిగో, ఇది నా ఆర్డరు."

అంతలో మార్కెట్లోకి పెద్ద ఆర్డరేదో వచ్చిపడింది. బొమ్మ తనంతట తనే సర్దుకుని కొండ పక్కకి జరిగింది. బిళ్ళ ఉన్నచోటే ఉంది. "అయ్యో, జరిగిపోయింది" అని ఆవిడ ముక్కు తెరకి ఆనించి వెతుక్కుని, బిళ్ళ మళ్ళీ అంటించింది. ఇంతలో కుక్కపిల్ల మూలిగింది. ఆవిడ దాని దగ్గరికి వెళ్ళింది. వచ్చేలోపు ధర ఆవిడ అడిగిన రేటు దాటి పైకెగసింది, కొండ ఇంకోసారి జరిగింది.

తిరిగొచ్చి చూస్తే బిళ్ళ ఎర్ర కొండ మీద దర్జాగా కూర్చుని ఉంది. "ఇంకా పోలేదన్నమాట. పాతది తీసేసి, ధర తగ్గించి మళ్ళీ పెడతాను."

ఆ ఆర్డరు అప్పటికే అమ్ముడైపోయిందని ఉజ్వలకి తెలుస్తూనే ఉంది. ఇప్పుడు మళ్ళీ పెడితే పోయేది కూతురి సగం. గొంతులోకి ఐదు పాయింట్లూ ఒక్కసారే ఎగదన్నాయి. కరక్కాయ వగరు నాలుకని పట్టేసింది. ఆవిడ వేలు మీట మీదికి దిగుతోంది. ఉజ్వల ముందుకి దూకి ఆ చెయ్యి పట్టేసుకుంది.

ఆవిడ ఉలిక్కిపడి అంకెలు సరిచూసుకుంది. "అమ్మో, పోయిందే అది! ఎంత పని చేయబోయానండి!" కాసేపటికి ఊపిరి తీసుకుని, "తప్పు నాదేలెండి. ఇది చేసినమ్మాయి చాలా తెలివైంది. ఒకసారేదో అడిగితే, నేనెంత తెలివితక్కువగా అడిగానో విడమర్చి చెప్పింది. మళ్ళీ అడగడానికి మొహం చెల్లలేదు. ఈ బిళ్ళలతోనే సర్దుకుంటున్నాను" అంది.

తను గెలిచానని మురిసిన జవాబు అదే. ఉజ్వల కరక్కాయ ముక్క అరచేతిలోకి తీసేసింది. మాస్టారు లేవబోయి, ఎందుకో ఆగారు.

"ఆ అమ్మాయిని నేనేనండి. ఇంకా ఎక్కడెక్కడ సర్దుకుంటున్నారో చెప్పండి. వింటాను."

ఆ సాయంత్రమే ఉజ్వల మూసేసిన ఫిర్యాదులన్నీ తెరిచింది. ఒక్కోదాని కింద 'మీరు అడిగింది వినకుండా వాదించాను. మళ్ళీ చెప్తారా?' అని రాసింది. ఒక్కోసారి అది రాస్తుంటే పళ్ళు బిగుసుకునేవి. అయినా ఒక్కటీ వదల్లేదు. తర్వాత ఒక చుక్క తయారుచేసింది. కుంకుమ రంగుది. అది తెరకి అంటుకోదు, ధరకి అంటుకుంటుంది. కొండ ఎటు జరిగితే అటే వెళుతుంది. తీసుకెళ్ళి చూపిస్తే వైదేహిగారు "భలే ఉందమ్మా, కానీ..." అంది. ధర దాటిపోయాక కూడా చుక్క అక్కడే నవ్వుతూ కూర్చుంటోందట. ఆ 'కానీ'ని మింగి ఉజ్వల ఇంటికెళ్ళి దిద్దుకొచ్చింది. ఇంకో 'కానీ' వచ్చింది. అదీ దిద్దింది. స్నేహితుల్లో ఒకడు తిరిగొచ్చాడు. రెండోవాడు రాలేదు.

ఆదివారం మాస్టారు పాఠం మధ్యలో ఆగి అడిగారు. "తాళం వేశావా?"

"ఎక్కడండీ! ఫిర్యాదులు ఒకటే గోల. నిన్న ఒకాయన తిట్టాడు కూడా."

"ఏం రాశావు?"

"నొప్పి ఎక్కడ అని అడిగానండి."

మాస్టారు లేచి చెప్పులు వేసుకున్నారు. కూర్చున్న పదిమంది వైపూ తిరిగారు.

"ఇంకా కూర్చున్నారేం? లేవండి. మీరు చేసింది వాడేవాళ్ళ దగ్గరికెళ్ళి, తెర మీద ఏం అంటించుకున్నారో చూసి రండి. కరక్కాయ మర్చిపోకండి."