బొంజన్న తీసిన మూత

చింతపల్లి కొండల మీద గుమ్మలబంద అనే ఊళ్లో బొంజన్న అనే మంచి మనిషి ఉండేవాడు. కాకపోతే అతని చేతులు ఒక్క క్షణం ఊరుకునేవి కావు. అన్నం ఉడుకుతుంటే నాలుగుసార్లు మూత తీసి చూసేవాడు. పాతిన దుంప మొలకెత్తిందో లేదోనని తవ్వి చూసి, మళ్లీ పాతేవాడు. "నీ సేతులకి ఓ రోజు సెలవు ఇచ్చీ అయ్యా" అని భార్య కాసులమ్మ నవ్వేది.

అయితే కోళ్ల దగ్గర ఆ గుణమే అతనికి పేరు తెచ్చింది. పెరట్లో పద్దెనిమిది కోళ్లుండేవి. తెల్లవారగానే ఒక్కొక్కదాన్నీ ఎత్తి, రెక్కల కింద పేలు పట్టాయేమో, కాళ్లు చల్లబడ్డాయేమో చూసేవాడు. చలికాలంలో గూటికి గోనెపట్టా కట్టేవాడు. నీళ్లు గోరువెచ్చగా కాచి పోసేవాడు. మరీ చలేస్తే గూటి పక్కన కుంపటి పెట్టేవాడు. ఊరందరి పెట్టలూ గుడ్లు మానేసిన రోజుల్లో కూడా బొంజన్న పెట్టలు గుడ్లు పెట్టేవి. పొదిగే పెట్ట పొట్ట కింద చెయ్యి దూర్చినా అది అతన్ని పొడిచేది కాదు. దాంతో బొంజన్నకి కాస్త గర్వం కూడా ఉండేదని చెప్పాలి.

ఒక కార్తీకమాసం సాయంత్రం మామగారు పడాల్ ఒళ్లో ఒక చెక్కపెట్టె పెట్టుకుని జీపులో వచ్చాడు. పెట్టె నిండా తేనెటీగలు.

"జీపులో నా పక్కన ఒక్కడూ కూకోలేదు అల్లుడూ. కాళ్లు బారజాపుకుని హాయిగా వచ్చాను" అన్నాడు ముసలాయన దిగుతూ.

పెట్టెను పెరట్లో పనసచెట్టు పక్కన నాలుగు కాళ్ల పీట మీద పెట్టారు. అప్పుడు పడాల్ నవ్వు ఆపి అన్నాడు. "ఈ ఈగల్ని మీ అత్త చెట్టుతొర్రలోంచి బుట్టలో పట్టి తెచ్చింది. అప్పుడు కాసులుకి ఆరేళ్లు. ఆవిడ పోయింది, ఈగలు ఉన్నాయి. ఏడు పెట్టెల్లో ఈ ఒక్కటే మిగిలింది. నా మోకాళ్లు సాగడం లేదు. ఇకమీదట మీరే సూసుకోండి."

కాసులమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. పెట్టె మీద మెల్లగా అరచెయ్యి ఆనించి నిలబడింది.

"లోపల ఈగలు పట్టు కట్టే చట్రాల్లో నాలుగు నిండా తేనె ఉంది. చలికాలం గడవడానికి అది చాలు. కాఫీ పూసేదాకా మూత మాత్రం తియ్యకు" అన్నాడు పడాల్.

"పద్దెనిమిది కోళ్లని సాకుతున్నాను మావా. ఈగలు ఓ లెక్కేటి?" అన్నాడు బొంజన్న.

ఆ ఏడు చలి అంతకుముందు ఎన్నడూ లేనంతగా పడింది. గడ్డి తెల్లగా గడ్డకట్టేది. బకెట్టులో నీళ్ల మీద పలచని మంచుపెంకు తేలేది. పొగమంచుకి పదింటికి గాని ఎదుటి మనిషి కనిపించేవాడు కాదు. ఒక పొద్దున బొంజన్న కోళ్లను చూసుకున్నాడు, మేత వేశాడు, ఆ తర్వాత పెట్టె చుట్టూ మూడుసార్లు తిరిగాడు. నాలుగోసారికి మూత తీశాడు.

లోపల ఈగలన్నీ ఒక ముద్దలా ముడుచుకుని ఉన్నాయి.

"కాసులూ! వీటికి జొరమొచ్చినట్టుంది!"

"జొరమా పాడా! ఒకదాన్నొకటి కాసుకుంటున్నాయి. చలికి అలాగే ఉంటాయని అమ్మ సెప్పేది. మూత తీస్తే ఆ వేడంతా పోద్ది" అంది కాసులమ్మ.

"కోళ్లూ అలాగే ముడుచుకుంటాయి. అప్పుడు నాను కుంపటి పెట్టట్లేదేటి? కోళ్లకి బాగున్నది ఈగలకి బాగోదా?"

కాసులమ్మ వద్దనే చెప్పింది. కానీ ఆమె కాఫీతోట పనికి వెళ్లగానే బొంజన్న కుంపటి రాజేసి పీట కింద పెట్టాడు. కాసేపటికి పెట్టెలో కదలిక మొదలైంది. ఈగలు ఎండ వచ్చిందనుకుని బయటికి వచ్చాయి. బొంజన్న మురిసిపోయాడు. బయట ఎండ లేదు, మంచే ఉంది. వచ్చిన ఈగల్లో కొన్ని రెక్కలు కొయ్యబారి నేల మీద పడ్డాయి. వాటిని కోళ్లు టకటకా ఏరుకుని తిన్నాయి. అన్నిటికంటే ముందు 'కాకి' అనే నల్లపెట్ట తిన్నది. బొంజన్న దాన్ని పెరడంతా తరిమాడు.

అలా రోజూ జరిగింది. కుంపటి వేడికి తిరుగాడిన ఈగలు, ఆకలేసి తేనె తాగేసేవి. మూత తీసిన ప్రతిసారీ చట్రాలు ఇంకాస్త ఖాళీగా కనిపించేవి. బొంజన్నకి లోపల భయం పట్టుకుంది. భయం వేసినకొద్దీ ఇంకోసారి మూత తీసి చూడాలనిపించేది. చూసిన సంగతి కాసులమ్మకి మాత్రం చెప్పేవాడు కాదు.

పుష్యమాసంలో ఒకనాటి మధ్యాహ్నం మంచు విడిచి ఎండ కాసింది. పెట్టెలోంచి హోరు వినిపించింది. బొంజన్న చూస్తుండగానే ఈగలన్నీ ఒక్కసారిగా బయటికి వచ్చి పెరడంతా సుడి తిరిగాయి. కోళ్లు కేకలు పెడుతూ గూట్లోకి దూరాయి. ఈగలు వెళ్లి పనసకొమ్మకి గుత్తిలా వేలాడాయి.

కాసులమ్మ తోటలోంచి పరుగున వచ్చింది. "అమ్మ ఈగలు ఎల్లిపోతన్నాయి!" అంటూ ఆగిపోయింది. మొగుణ్ని తిట్టలేదు. తిట్టి ఉంటే బొంజన్నకి ఇంకా నయంగా ఉండేది.

"మూత రోజుకి ఎన్నిసార్లు తీసేవోడివి?" అని అడిగింది.

"రెండుసార్లు" అని నేల చూశాడు. "ఆదివారం మాత్రం మూడు."

"కాసేపు కొమ్మ మీద ఆగుతాయి. తర్వాత కొండ దాటేస్తాయి. ఇక మనకి కనిపించవు" అంటూ ఆమె లోపలికి వెళ్లి బుట్ట తెచ్చింది. ఈగలకి వాసన నచ్చేలా దాని లోపలంతా పాత తేనెమైనం రుద్దింది. "నాను చెట్టెక్కి కొమ్మ ఊపుతాను. నువ్వు గూడెక్కి బుట్ట పట్టుకో. కదిలావంటే మాత్రం లేచిపోతాయి. ఇవాళ నీ సేతులు ఊరుకోవాల."

బొంజన్న కోళ్లగూటి మీద నిలబడి, బుట్టను రెండు చేతులా తల మీదికి ఎత్తి పట్టుకున్నాడు. కాసులమ్మ కొమ్మను గట్టిగా ఒక ఊపు ఊపింది. ఈగల ముద్ద బుట్టలో ధబ్బున పడింది. కొన్ని అతని మణికట్టు మీదుగా మెడ మీదికి పాకాయి. ఒకటి చెవి తమ్మెను కుట్టింది. కళ్లలో నీళ్లు తిరిగాయి, చేతులు మాత్రం కదల్లేదు. ఇంతలో కాకిపెట్ట గూడెక్కి వచ్చి అతని బొటనవేలిని గింజ అనుకుని పొడిచింది. అయినా కదల్లేదు. గాలిలో ఉన్న ఈగలన్నీ వచ్చి బుట్టలో చేరేదాకా, చాలా సేపు, బొంజన్న అలాగే నిలబడ్డాడు. అంతసేపు అతను ఏదీ ముట్టుకోకుండా ఉండటం కాసులమ్మ పెళ్లైన తర్వాత అదే మొదటిసారి చూసింది.

ఈగల్ని తిరిగి పెట్టెలో దింపారు. రాణీగ ఉన్నచోటే మిగతావీ ఉంటాయి కాబట్టి, అది దాటలేనంత సన్నటి సందు ఉండేలా పెట్టె గుమ్మానికి వెదురుబద్ద బిగించారు. లోపల అర చట్రం తేనె మిగిలింది. కాసులమ్మ పంచదార పాకం కాచి, ఈగలు మునిగిపోకుండా ఎండుగడ్డి వేసి, కొబ్బరిచిప్పలో పోసి పెట్టింది. మూత వేసి మొగుడి వైపు తిరిగింది.

"చలి పోవడానికి ఇంక నలభై రోజులు. సెవి పెట్టు, సెయ్యి పెట్టకు."

ఆ నలభై రోజులూ బొంజన్న పడిన పాట్లు చెప్పాలంటే ఒక రోజు చాలదు. చేతులకి పని కావాలని ఆరు బుట్టలు అల్లాడు. గూటికి రెండో అంతస్తు కట్టాడు. పక్కింటివాళ్ల రాజ్మా కాయలన్నీ వద్దన్నా ఒలిచి ఇచ్చాడు. కోళ్లు అతని సేవకి విసిగిపోయి అతన్ని చూస్తే పారిపోయేవి. రోజూ పొద్దున చేతులు వెనక్కి కట్టుకుని పెట్టెకి చెవి ఆనించేవాడు. సన్నగా జుమ్మనే చప్పుడు వినబడగానే మొహం విప్పారేది.

ఒక పొద్దున ఆ చప్పుడు వినిపించలేదు.

అది ఆ చలికాలంలోకెల్లా పాడు చలి. బొంజన్న రెండో చెవి పెట్టాడు. కాసులమ్మను పిలిచాడు, ఆమె కూడా విని తల అడ్డంగా ఊపింది. బొంజన్న చేతులు వాటంతటవే మూత మీదికి వెళ్లాయి. ఒక్కసారి తీస్తే చాలు, బతికున్నాయో లేదో తేలిపోతుంది. కానీ లోపల ప్రాణం కొంచెమే మిగిలి ఉంటే, ఆ మూత తీయడంతో అదీ పోతుంది.

బొంజన్న చేతుల్ని వెనక్కి లాక్కున్నాడు. వాటిని చంకల్లో గట్టిగా బిగించుకుని, పెట్టె ఎదురుగా తడినేల మీద చతికిలబడ్డాడు. కాసులమ్మ వచ్చి పక్కన కూర్చుంది. గంట గడిచింది. కోళ్లు మేత కోసం అరిచాయి. ఎవరూ లేవలేదు.

పదిన్నరకి మంచు చీల్చుకుని పెట్టె గుమ్మం మీద ఎండ పడింది. కాసేపటికి ఒకే ఒక ఈగ బయటికి వచ్చింది. ముందుకాళ్లతో మొహం తుడుచుకుంది. అటూ ఇటూ చూసి, చలి తగ్గలేదని తెలిసి, లోపలికి వెళ్లిపోయింది.

బొంజన్న పెట్టిన కేకకి కోళ్లన్నీ చెల్లాచెదురయ్యాయి. కాసులమ్మ ఏడుస్తూ నవ్వింది.

ఎండలు ముదిరి కాఫీతోటలు తెల్లగా పూశాయి. గుమ్మంలో బద్ద ఎప్పుడో తీసేశారు. ఈగలు కాళ్లకి పుప్పొడి మూటలు కట్టుకుని వస్తున్నాయి. పడాల్ వచ్చి స్వయంగా మూత తీశాడు. ఆరు చట్రాల నిండా ఈగలే. ఆ ఈగల్ని విడదీసి రెండు పెట్టెలు చెయ్యొచ్చునన్నాడు. కాసులమ్మ తేనెపట్టు చిన్న ముక్క నోట్లో వేసుకుని, "అమ్మ తినిపించిన తేనె ఇదే" అని కళ్లు మూసుకుంది.

"ఇంత చలిలో ఎలా బతికించావు అల్లుడూ? ఏం సేశావు?" అన్నాడు పడాల్.

"ఏటీ సెయ్యలేదు మావా" అన్నాడు బొంజన్న. "నా జన్మలో ఇంత కష్టమైన పని ఇంకోటి సెయ్యలేదు."

పిల్లలూ, ప్రేమ ఉంటేనే సరిపోదు: ఎవరిని చేరదీసి కాపాడాలో, ఎవరిని కదిలించకుండా కాపాడాలో తెలుసుకుని మసలుకోవడమే అసలైన సంరక్షణ.