కుంచె రెండో కొస

అనగనగా ఒక నేతగాళ్ళ ఊళ్ళో నాంచారి అనే ఆవిడ ఉండేది. చిరుగుల దుప్పటని మూతి తిప్పకు కన్నా, కప్పుకుని విను. ఆవిడ భర్త కోటిలింగం మగ్గం మీద కూర్చుంటే చెయ్యి ఆగేది కాదు.

ఒక ఏడు ఆయన మనసుకి జబ్బు చేసింది. ఎవరూ లేకపోయినా ఎవరో తిడుతున్నారని చెవులు మూసుకునేవాడు. నాంచారి పట్నంలో డాక్టరుకి చూపించి మందులు తెచ్చింది. వేళకి వేసేది కూడా. కానీ ఊరికి తెలిస్తే పరువు పోతుందని ఆయన్ని లోపలి గదిలో దాచింది, పిచ్చితల్లి!

మొదట పక్కింటి సుబ్బాయమ్మ, ఆయన కనపడట్లేదేమని అడిగింది. "జ్వరం వదినా" అంది నాంచారి. తర్వాత ఎదురింటాయన అడిగాడు. "చుట్టాలింటికెళ్ళారు బాబాయ్" అంది. ఆ తర్వాత కోటిలింగం అరుపు వీధంతా వినపడింది. ఇంకేముంది, "ఆ ఇంటికి పోకండి" అని వీధిలోవాళ్ళు అనుకున్నారు. కుండకైతే మూత పెడతాం, ఊరి నోటికేం పెడతాం?

ఇంతలో పడుగు రోజొచ్చింది. పడుగంటే దుప్పటికి నిలువు దారాలు. తెల్లారగానే వాటిని వీధిలో సాగదీసి కట్టి, గంజి పెట్టి, పొడుగాటి కుంచెని చెరో కొసా పట్టుకుని దువ్వాలి. గంజి ఆరిపోతే దారాలు అంటుకుపోతాయి. ఎవరింటి పడుగైనా వీధంతా వచ్చి సాయం చేస్తుంది. అలాగే వస్తారని నాంచారి గంజి పెట్టేసింది. ఒక్కరూ రాలేదు. ఎండెక్కుతోంది. ఆ పడుగు పాడైతే ఇంట్లో బువ్వా లేదు, ఆయనకి మందులూ లేవు.

అప్పుడు నాంచారికి ఏడుపొచ్చింది. ఆ తర్వాత కోపమొచ్చింది. వీధి మధ్యన నిలబడి కేకేసింది. "అవును, మా ఆయనకి మనసు బాగాలేదు! జ్వరమని అబద్ధమాడాను. అది అంటుకునే జబ్బు కాదు. వచ్చి చెయ్యి వెయ్యండమ్మా!"

ముందు సుబ్బాయమ్మ కుంచె పట్టుకుని వచ్చింది. "మా చెల్లెలికీ ఇంతే నాంచారీ. నేనూ దాచాను" అని కళ్ళొత్తుకుంది. తర్వాత ఎదురింటాయన తల దించుకుని వచ్చాడు. ఆ తర్వాత ఎవరొచ్చారో తెలుసా? కోటిలింగమే! మెల్లగా వచ్చి, సుబ్బాయమ్మ కుంచెకి రెండో కొస పట్టుకున్నాడు. ఆవిడ తన కొస వదల్లేదు.

జబ్బు పూర్తిగా పోలేదులే. మంచిరోజులూ ఉన్నాయి, చెడ్డరోజులూ ఉన్నాయి. చెడ్డరోజున సుబ్బాయమ్మ వచ్చి ఆయన దగ్గర కూర్చునేది, నాంచారి కాస్త కునుకు తీసేది.

నాంచారి ఎవరనుకున్నావ్? మా అమ్మే. ఈ చిరుగుల దుప్పటి ఆ పడుగుదే. ఆ రోజు కుంచె పట్టిన చేతులన్నిటికీ ఒక దండం పెట్టుకుని పడుకో, బంగారూ.

కథ కంచికి, కుంచె గూటికి,
మనం ఇంటికి, నిద్ర కంటికి.