తీతువు పిట్ట వెతికిన నేల

అనగనగా ఒక వాగు ఒడ్డున, ఉదయం ఐదుంబావుకి, ఒక తీతువు పిట్ట ముక్కుతో రెక్కలు సర్దుకుంటోంది. వేసవి అప్పుడే మొదలైంది. పలచటి మంచులో పొలాలు నీళ్ల మీద తేలుతున్నట్టున్నాయి. దిగువన వరి మాగాణి. మధ్యలో శనగ కోసేసిన నల్లరేగడి. ఎగువన, పిట్ట ఉన్నచోట, గులకరాళ్ల బీడు.

తీతువు గూడు కట్టదు. నేల మీదే గుడ్లు పెడుతుంది. ఈసారి పెట్టబోయేవి నాలుగు.

"ఇక్కడే పెట్టమ్మాయీ," అన్నాడు బీడులో ఉండే తొండ తాత.

"ఈ రాళ్లలోనా తాతా? గడ్డిపోచ కూడా సరిగ్గా లేదు. పంట పండే నేలలోనే నా పిల్లలూ బాగా పెరుగుతారు," అంటూ ఎగిరిపోయింది.

మాగాణిలో గట్టు పక్కన ఆరిన మట్టిగడ్డ చూసుకుని మొదటి గుడ్డు పెట్టింది. ఎండెక్కేసరికి బావి నీళ్లు మడిలోకి గలగలా వచ్చాయి. గుడ్డు మునిగిపోయింది.

"ఒక్కమాట నన్నడగొద్దూ వదినా?" అంది కప్ప. "వరికి నీళ్లు నిలవాలి. నాకది ఈత, నీకు ఏడుపు."

మర్నాడు నల్లరేగడిలో రెండో గుడ్డు పెట్టింది. గాలి విసిరింది. గుడ్డు దొర్లి నేల పగుల్లో పడింది.

"ఆహా, పైనుంచి టిఫిను!" అంది లోపల ఎలుక. "ఎండకు నోరు తెరవడం, వానకు మూయడం ఈ మట్టికి అలవాటు తల్లీ. శనగకు, పత్తికి ఇది బంగారం. నువ్వేం పండిద్దామని వచ్చావు?"

తీతువు పగులు దగ్గర్నుంచి వెనక్కి తిరిగింది. ఇక మిగిలినవి రెండే. అవీ పోతే ఈ ఏడు పిల్లల్లేవు.

మెల్లగా బీడుకు నడిచింది. "నవ్వకు తాతా."

"నవ్వను. రాళ్ల మధ్య పెట్టి, నాలుగడుగులు వెనక్కి వేసి చూడు."

అలాగే చేసింది. మట్టిరంగు మీద నల్లచుక్కల గుడ్లు రాళ్లలో కలిసిపోయాయి. ఏది గుడ్డో, ఏది రాయో తల్లికే తెలియలేదు. కాకి రెండుసార్లు చుట్టూ తిరిగి, "అంతా రాళ్లే," అని విసుక్కుంటూ పోయింది.

ఇరవై ఎనిమిదో రోజున రెండు పిల్లలు బయటికొచ్చి, తడి ఆరకముందే పరుగులు పెట్టాయి.

మరో నాలుగు రోజులకు, మేతకొచ్చిన గొర్రె ఒక సంగతి చెప్పింది. ఆ బీడును రైతు కావాలనే దున్నడట. వాననీళ్లు ఆ రాళ్లలోంచి ఇంకితేనే దిగువ మాగాణి బావిలో ఊట ఉంటుందట.

నీతి: పంట ఒక్కటే చూసి నేల విలువ కట్టకూడదు, ఏ నేల దేనికి తగినదో తెలుసుకుని వాడుకోవాలి.