అరుగు దాకా

“చెప్పిన పని చెప్పినట్టు చేసినవాణ్ణి, అంతకంటే ఎందుకు చేయలేదని అడగడం న్యాయమేనా గురువుగారూ?” అని ఒక ఉదయం కూర్మనాథం శంభుదాసు గారిని అడిగాడు.

ఊరికే పుట్టిన ప్రశ్న కాదది. ముందురోజు గురువుగారు మరో శిష్యుణ్ణి అందరి ముందూ మెచ్చుకున్నారు. కట్టెలు తెమ్మంటే తెచ్చి, మబ్బు పట్టడం చూసి, వాటిని చీల్చి చూరు కింద పేర్చాడట. నీళ్లు తోడమంటే తొట్టి నిండా తోడిన కూర్మనాథం ఊసు మాత్రం ఎవరూ ఎత్తలేదు. అది అతని మనసులో ముల్లులా దిగబడింది.

శంభుదాసు గారు నాగావళి ఒడ్డున ఆశ్రమం కట్టుకుని, వచ్చినవారికి చదువు చెబుతూ రోగులకు మందిచ్చేవారు. వాదానికి దిగే అలవాటు ఆయనకు లేదు. పొయ్యి మీది కషాయం దించి, ముంతలో పోసి, మూతపెట్టి శిష్యుడి చేతికిచ్చారు.

“తాటిచెట్టు మీంచి పడి నడుం పోయిన అప్పలస్వామి తెలుసుగా, వాడి భార్య నీలమ్మకు జ్వరం. చల్లారకముందే ఇచ్చిరా. తర్వాత మాట్లాడుకుందాం.”

అప్పలస్వామి ఇల్లు ఊరికి ఎడంగా, తాటితోపు వారన ఉంది. తలుపు దగ్గరగా వేసి ఉంది. కూర్మనాథం పిలిస్తే లోపలి నుంచి మగగొంతు పలికింది.

“అరుగు మీద ఎట్టీ బాబూ. నీలమ్మ పెరట్లో ఉంది, వచ్చి తీసుకుంటాది.”

అతను ముంత అరుగు మీద పెట్టాడు. కుక్క ముట్టకుండా మూత మీద ఒక రాయి కూడా ఉంచాడు. ఆ రాయి ఎవరూ చెప్పకుండా తానే పెట్టినందుకు కాస్త తృప్తిపడ్డాడు కూడా. దారి మలుపు తిరుగుతుంటే వెనక నుంచి “బాబూ” అన్న కేక వినిపించింది. వాళ్లింట్లో ఎవరినో పిలుస్తున్నారనుకుని సాగిపోయాడు.

ఆశ్రమంలో గురువుగారు అడిగారు. “ఇచ్చావా?”

“ఇచ్చానండి.”

“తాగిందా?”

“అరుగు మీద పెట్టమన్నారు, పెట్టాను. తాగించమని మీరు చెప్పలేదు గదా.”

శంభుదాసు గారు కండువా భుజాన వేసుకుని బయల్దేరారు. తన మాట నమ్మక స్వయంగా చూడబోతున్నారని నొచ్చుకుంటూ కూర్మనాథం వెనకే నడిచాడు.

ముంత పెట్టినచోటే ఉంది. రాయి కదల్లేదు. గురువుగారు పిలిచారు, ఎవరూ పలకలేదు. తలుపు తోశారు.

మంచం ఖాళీగా ఉంది.

నడుం కింద ప్రాణం లేని మనిషి మంచం మీద లేడు. మంచం దగ్గర మొదలై పెరటి గుమ్మం దాకా మట్టినేల మీద ఈడ్చుకుపోయిన చార ఉంది, అక్కడక్కడా నెత్తుటి మరకలతో. చార చివర, గడపకు అడ్డంగా, అప్పలస్వామి బోర్లా పడి ఉన్నాడు. మోచేతుల మీద చర్మం లేచిపోయింది. ఒక చెయ్యి ముందుకు చాపి ఉంది. ఆ చేతికి అందనంత దూరంలో, మండే ఎండలో, బోర్లాపడ్డ బిందె పక్కన నీలమ్మ కదలకుండా పడి ఉంది.

కూర్మనాథం నిలబడ్డచోటే నిలబడిపోయాడు. గురువుగారు ఆమె ముక్కు దగ్గర వేలు పెట్టి చూశారు.

“ప్రాణం ఉంది. ఎత్తు.”

ఎత్తితే ఒళ్లు పెనంలా కాలుతోంది. నీడకు చేర్చి, తడిగుడ్డ నుదుటన వేసి, చల్లారిన కషాయం చెంచాతో పట్టాడు. సగం ఆమె గడ్డం మీదుగా కారిపోయింది. చాలాసేపటికి గానీ గుటక పడలేదు.

అప్పటికి గురువుగారు అప్పలస్వామిని లేపి గోడకు ఆనించారు. అతను శిష్యుడి వైపు చూశాడు.

“ముంత తెచ్చినోడివి నువ్వేనా బాబూ? దీన్ని పిలిస్తే పలకలేదు. అందుకే నిన్ను కేకేశాను. దూరం ఎల్లిపోనావేమో, ఇనబడి ఉండదులే.”

అవునని తలూపితే సరిపోయేది. కూర్మనాథం తలూపలేకపోయాడు.

“వినబడింది మామా,” అన్నాడు.

అప్పలస్వామి మొహం భార్య వైపు తిప్పుకున్నాడు. “ఇంకో చెంచా పట్టు,” అన్నాడు.

నీలమ్మ కళ్లు తెరిచి నీళ్లడిగేసరికి పొద్దు వాటారింది. పక్కవీధి ఆడవాళ్లను తోడు కూర్చోబెట్టి గురుశిష్యులు ఏటిగట్టు పట్టారు. దారిలో కూర్మనాథం అడిగాడు.

“ఇకమీద ఏ పనికి ఎంత దూరం వెళ్లాలో ముందే చెప్పండి గురువుగారూ. అంత దూరమూ వెళ్తాను.”

శంభుదాసు గారు నడక ఆపలేదు.

“ఇవాళైతే ఒక్క గడప,” అన్నారు. “రేపు ఎంతో, పిలిచినవాణ్ణి అడుగు.”