ఎర్రపూత కుండ

చెప్పేవారికి ఓపికా, వినేవారికి ‘ఊఁ’ కొట్టే తీరికా కుదిరిననాడే కథ ముందుకు నడుస్తుందట. మీరు ఊఁ కొడతానంటే, ఇది అనగా అనగా జన్నివలసలో కుర్రాళ్ళు కసరత్తు చేసే తాలింఖానాలో జరిగిన ముచ్చట.

ఆ తాలింఖానాకు తవిటయ్య వస్తాదు గురువు. శిష్యులు ఏది అడిగినా ఆయన నోటితో బదులు చెప్పేవారు కారు. ఏదో ఒక పని పురమాయించేవారు. ఆ పని ముగిసేసరికి కొందరికి అడిగిన మాట అక్కరలేకుండా పోయేది, మరికొందరికి రెండింతలై మిగిలేది.

శిష్యులందరిలో ఎక్కువ బరువు ఎత్తేవాడు గౌరీశు. తలపైకి ఎత్తిన ఇనుప కడ్డీని ఒక్క ఊపున నేలకు వదిలివేయడం ఆ తాలింఖానా ఆచారం. ఆ మోత వీధి చివరికి వినబడితేనే ఎత్తినట్టు లెక్క. ఎవడైనా బరువును మెల్లగా దించితే, “ఏటిరా, పల్లకీలోంచి పెళ్ళికూతుర్ని దించుతున్నావా?” అని తోటివారు పకపకా నవ్వేవారు. గౌరీశు ఎన్నడూ ఆ నవ్వులపాలు కాలేదు. అతని కడ్డీ పడితే గోడ అవతల కుమ్మరి పోలమ్మ పాకలో మట్టి రాలేది.

ఒక వేసవిలో అతని కుడి మోచేతి వెలుపలి పక్కన సన్నని పోటు మొదలైంది. కండను ఎముకకు బిగించి ఉంచే స్నాయువు చెడిందని పట్నంలో డాక్టరు చెప్పి సూది వేశాడు. పది రోజులు హాయిగా గడిచాయి. పదకొండో రోజున మంచినీళ్ళ గ్లాసు కూడా చేతిలో నిలవలేదు. ఆకుపసరు కట్టు కట్టించుకున్నాడు. నెలరోజులు చేతిని గుడ్డలో వేలాడదీసుకొని తిరిగాడు. నొప్పి తగ్గింది. కడ్డీ ముట్టుకున్న నాడే తిరిగి వచ్చింది.

అప్పుడు గురువు అతనిని బల్ల దగ్గర కూర్చోబెట్టి, ముంజేతిని బల్లమీద ఆనించి, మణికట్టు అంచు దాటేలా ఉంచి, అరచేయి కిందికి తిప్పించి, రెండు కిలోల గుండు పట్టించారు.

“పైకి లేపడానికి ఎడమచేతి సాయం తీసుకో. దించడం మాత్రం ఈ చెయ్యొక్కటే చెయ్యాలి. పోలమ్మ ఒక కుండకు మూతి తీర్చేంతసేపు దించు. ఇలా మూడు పున్నములు దాటాలి.”

“నొప్పిగా ఉంది గురువుగారూ.”

“ఉండనీ. రేపు పొద్దుటికి కూడా మిగిలితే చెప్పు, గుండు మారుద్దాం.”

పొట్టిగోడ మీదుగా పోలమ్మ ఇదంతా చూసి, కుండలు చేసే సారె ఆపింది. “నూటిరవై కిలోలెత్తిన మొనగాడివి, రెండు కిలోలకి సెమట్లు కారుస్తన్నావేటి బావూ! కాస్త సాయం పట్టమన్నావేటి?”

“నీ కుండలు నువ్వు చేసుకో అత్తా,” అన్నాడు గౌరీశు తల ఎత్తకుండా.

మొదటి పున్నమి గడిచింది. రెండోదానికి నాలుగు రోజులు ఉందనగా ఒక ఉదయం లేచి చూసుకుంటే చేతిలో నొప్పి జాడ లేదు. చెంబు ఎత్తి చూశాడు, లేదు. నీళ్ళ బిందె ఎత్తి చూశాడు, లేదు. సరిగ్గా ఆ రోజే పట్నంనుంచి ఉత్తరం వచ్చింది. బరువులెత్తేవారిలో ఇద్దరిని రైల్వే కొలువులోకి తీసుకుంటారట. ఎంపిక మూడవ నాడు. మరుసటి ఏటికి గౌరీశుకు వయసు దాటిపోతుంది. అరవై ఏళ్ళ తండ్రి ఇంకా రైసుమిల్లులో బస్తాలు మోస్తున్నాడు. ఆ కొలువు దొరికిన రోజున తండ్రి భుజంమీది గోనెపట్టా తీయించాలని అతని కోరిక.

అతడు ఉత్తరం పట్టుకొని పరుగున వచ్చి గురువు ఎదుట నిలిచాడు.

“గురువుగారూ, నొప్పి పూర్తిగా పోయింది. నొక్కినా తెలియడం లేదు. ఇక ఎత్తవచ్చునా?”

తవిటయ్య ఉత్తరం చదివారు. మడిచి తిరిగి ఇచ్చారు. మోచేతి వంక చూడనైనా లేదు.

“దాహంగా ఉందిరా. పోలమ్మ పాకలోంచి ఒక కొత్త కుండ తీసుకొని, నిండా నీళ్ళు పోసి పట్టుకురా.”

పోలమ్మ పెరటిలో మట్టి తొక్కుతోంది. పాకలో గోడవారగా కుండలు బారులు తీరి ఉన్నాయి, అన్నీ ఎర్రమన్ను పూతతో నిగనిగలాడుతున్నాయి. గౌరీశు మనసంతా పట్నం బస్సు మీద ఉంది. చేతికి అందిన కుండను తీసుకొని, నీళ్ళ తొట్టి దగ్గర నిండా నింపి, కుడి అరచేతి మీద నిలుపుకొని తెచ్చాడు. తన చెయ్యి ఎంత బాగుందో గురువుకు చూపడానికి అదే సమయమనుకున్నాడు.

తవిటయ్య కుండ అందుకోలేదు. తలపాగా విప్పి, దులిపి, తిరిగి చుట్టుకోసాగారు. గౌరీశు నిలిచే ఉన్నాడు. చెయ్యి వణకలేదు. కుండ చెమర్చింది. కొత్త కుండకు అది సహజమే అనుకున్నాడు. అంతలో అడుగు మెత్తబడి, అరచేతిలోకి ముద్దలా దిగి, నీళ్ళూ బురదా కలిసి ముంజేతి వెంట మోచేతి దాకా జారాయి. మూతి ఒక్కటి చేతిలో మిగిలింది.

చప్పుడుకు పోలమ్మ మోకాళ్ళదాకా మట్టితో పరుగెత్తుకొచ్చింది.

“ఓరి నాయనో, ఏటి సేసినావురా! పెళ్ళోరికి ఒప్పుకున్న కుండరా అది! నీ సేతులిరిగిపోనూ అందామంటే, అవి ముందే ఇరిగున్నాయి! ఎర్రగా కనబడితే కాలిపోయినట్టేనేటి? అది ఆరిందిరా, ఆరింది. ఇంకా ఆవం ఎక్కి కాలలేదు. సంతలో కుండ కొనే గుంటది కూడా ఏలితో తట్టి సూస్తాది!”

“చూడడానికి అన్నీ ఒక్కలాగే ఉన్నాయి అత్తా,” అన్నాడు గౌరీశు.

“సూడ్డానికుంటాయి. నీళ్ళు పోస్తేనే తెలుస్తాది.”

తవిటయ్య మెల్లగా అడిగారు. “మన్ను పాడైపోయిందా పోలమ్మా?”

“మన్నుకేటవుద్ది బావూ. మల్లీ తడుపుతాను, మల్లీ తొక్కుతాను. నా పొద్దు పోయింది, అంతే.” ఆమె గౌరీశు చేతిలోని మూతిని లాక్కొని వెళ్ళిపోయింది.

గౌరీశు తన చేతికంటిన బురదను చూసుకున్నాడు. “అయితే నన్ను వెళ్ళవద్దంటారా?” అని అడిగాడు.

“నేనేమీ అనలేదే. నీళ్ళడిగాను, అవీ దక్కలేదు,” అని గురువు లేచి లోపలికి వెళ్ళారు.

మూడవ నాటి ఉదయం పట్నం బస్సు తాలింఖానా ముందు ఆగింది. తోటివాళ్ళు ఇద్దరు ఎక్కి, కిటికీలోంచి చేతులూపుతూ, “ఎక్కరా గౌరీశూ! డ్రైవరు తిడతన్నాడు!” అని కేకలు వేశారు. బస్సు కొంతసేపు ఆగి, కదిలి, మలుపు తిరిగింది.

గౌరీశు బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. మిల్లుకు పోతూ తండ్రి గోనెపట్టా భుజాన వేసుకొని గుమ్మంలో ఆగాడు. కొడుకును చూసి సాగిపోయాడు. గౌరీశు చేతిలో గుండు పైకి లేచి అక్కడే ఆగిపోయింది.

“బస్సు వెళ్ళిపోయింది గురువుగారూ,” అన్నాడు.

తవిటయ్య వచ్చి అతని ఎదుట కూర్చున్నారు.

“బస్సే కదరా వెళ్ళింది. చెయ్యి ఇక్కడే ఉంది. మెల్లగా దించు.”

ఈ కథ నాకు మొదట చెప్పినది మా నాయనమ్మ సన్యాసమ్మ.