ముడేసిన తువ్వాలు

అప్పలనరసింహం మాస్టారిని ఇంగ్లీషు వ్యాకరణంలో సందేహం అడిగితే ముందు చెప్పులు వేసుకునేవారు. పుస్తకం జోలికి పోయేవారు కారు. అనకాపల్లి బెల్లం మార్కెట్టు వెనక సందులో, ఒక మేడగదిలో, ఆయన జీవితమంతా ఇంగ్లీషు చెప్పారు. సూత్రాలు రాక కాదు. నిద్రలో లేపి అడిగినా తడుముకోకుండా చెప్పగల మనిషి. కానీ సూత్రం పరీక్ష హాలు గుమ్మం దాకానే తోడొస్తుందని ఆయన అభిప్రాయం. ఆ చెప్పుల చప్పుడు వినగానే శిష్యులం లోలోపల విసుక్కునేవాళ్ళం. ఎండలో ఎంత దూరం నడిపిస్తారో తెలిసేది కాదు మరి.

హైమవతి ఆయన దగ్గరే చదువుకుని, ఊళ్ళో ఒక ప్రైవేటు బడిలో ఇంగ్లీషు టీచరయింది. నోరున్న మనిషి, సందేహం వస్తే దాచుకోదు. ఒక ఆదివారం మాస్టారి దగ్గరికి వచ్చి, క్లాసులో పిల్లలు తనను ఇరుకున పెట్టారని చెప్పింది.

"బోర్డు మీద 'ఫార్టీ థౌజండ్ రుపీస్ ఈజ్ ఎ బిగ్ అమౌంట్' అని రాశాను మాస్టారూ. అన్ని రూపాయలుంటే 'ఆర్' అనాలి గానీ 'ఈజ్' ఏమిటి టీచర్ అన్నారు. మొత్తాన్ని ఒకటిగా చూస్తారని చెప్పాను. ఎందుకలా చూడాలి అన్నారు. నిజం చెప్పొద్దూ, నాకూ నమ్మకం కుదరలేదు. నలభై వేల రూపాయలు ఒకటెలా అవుతుంది?"

మాస్టారు లేచి చెప్పులు వేసుకున్నారు. "దేముడింటికి వెళ్తున్నాను. నువ్వూ రా అమ్మా," అన్నారు.

దేముడు మార్కెట్టులో మూటలు మోసే కళాసీ. ఆ వారంలోనే లారీలోంచి బెల్లం దిమ్మలు దింపుతుంటే వరుస జారి అతని కాలిమీద పడి ఎముక విరిగింది. లోపల ప్లేటు వెయ్యాలన్నారు. ఆ ఆదివారం సాయంత్రంలోగా నలభై వేలు కడితేనే ఆపరేషను అని చెప్పి, ఆసుపత్రివాళ్ళు కట్టు కట్టి ఇంటికి పంపేశారు. ఇంకా ఆలస్యమైతే ఆ కాలు బరువు మొయ్యదని డాక్టరు ముందే చెప్పాడు. బరువు మొయ్యని కాలుతో కళాసీకి మార్కెట్టులో పనేముంది?

ఇలాంటప్పుడు అక్కడి కళాసీల పద్ధతి ఒకటుంది. వాళ్ళ ముఠాకి పెద్దయిన మేస్త్రీ తన తువ్వాలు సంచిలా పట్టుకుని అందరి ముందుకీ వస్తాడు. ప్రతివాడూ మూసిన పిడికిలి అందులో పెట్టి, లోపల తెరిచి, చెయ్యి తీసేస్తాడు. ఎవడెంత వేశాడో పక్కవాడికి తెలియదు. ఏమీ లేనివాడు కూడా ఉత్త పిడికిలి పెట్టి తీస్తాడు. తరవాత మేస్త్రీ ముడేస్తాడు. ఆ ముడి ఆసుపత్రి గుమ్మంలోనే విప్పాలి. తక్కువైతే మేస్త్రీ చూసుకుంటాడు, మిగిలితే ఇంట్లో బియ్యానికి వాడతారు. ఏ చదువుకున్నవాళ్ళ సంఘంలోనూ ఇంత మర్యాద నేను చూడలేదు.

మాస్టారూ హైమవతీ వెళ్ళేసరికి మేస్త్రీ సింహాద్రి తువ్వాలుతో దేముడి వాకిట్లోనే ఉన్నాడు. మాస్టారు పిడికిలి పెట్టి తీశారు. హైమవతి కూడా పెట్టింది. బ్యాంకులో తెచ్చిన కొత్త అయిదు వందల నోటు వేసిందట. అది తనదని ఎవరైనా గమనిస్తే బాగుండునని కూడా అనిపించిందట. ఈ కథంతా నాకు చెప్పింది తనే, నవ్వుతూ చెప్పింది.

సింహాద్రి ముడేసి తువ్వాలును లోపల దేముడి మంచంమీద పెట్టాడు. దేముడు దాన్ని ముట్టుకోలేదు.

"ఇందులో పోలినాయుడు సెయ్యి పెట్టేడా?" అన్నాడు.

పోలినాయుడు గుమ్మం బయట గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. లారీ దగ్గర దిమ్మల వరుస జారకుండా తాడు పట్టుకున్నది అతనే. ఇద్దరికీ అంతకుముందే ఏదో మాటామాటా వచ్చింది కాబట్టి, కావాలనే తాడు వదిలాడని దేముడి నమ్మకం.

"పెట్టేడు," అన్నాడు మేస్త్రీ.

"ఆడి సొమ్ముతో నా కాలు బాగవ్వక్కర్లేదు. ఆడిది తీసీసి తెండి, పుచ్చుకుంటాను," అంటూ దేముడు తువ్వాలును చేత్తో తోసేశాడు. ముడి జారి నోట్లూ చిల్లరా నేలమీద పడ్డాయి.

ఆ కాసేపట్లో జరిగింది హైమవతి ఎప్పటికీ మరిచిపోలేదు. గదిలో అందరి కళ్ళూ నేలమీదే తిరుగుతున్నాయి. టేపు అంటించిన నోటు వేసినవాడు తల దించుకున్నాడు. పది రూపాయల బిళ్ళలు వేసిన ముసలావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. హైమవతి కొత్త నోటు అందరికీ కనబడేలా మంచం కోడు దగ్గర పడింది. గమనించాలని ఆమె కోరుకున్న మనుషులు గమనించారు. ఆమెకి సిగ్గేసింది.

సింహాద్రికి కోపం రాలేదు. నోట్లూ చిల్లరా కూడదీసి మంచంమీద దేముడి ముందు పోశాడు. ఆటో వచ్చిందని దేముడి భార్య వాకిట్లోంచి కేకేసింది.

"ఏది ఆడిదో నువ్వే ఏరి అవతల పడీ," అన్నాడు మేస్త్రీ. "ఆడు ఏసేడో, ఉత్త పిడికిలే పెట్టేడో నాకూ తెల్దు."

దేముడు ఒక నోటు తీశాడు. చూసి పెట్టేశాడు. ఇంకోటి తీశాడు. మార్కెట్టు నోట్లన్నింటికీ బెల్లం జిగురే. ఒకటి తియ్యబోతే దాన్ని అంటుకుని మరొకటి లేచొచ్చింది. రెండింటినీ విడదియ్యబోయి, ఆగి, అలాగే పట్టుకుని కాసేపు కూర్చున్నాడు. భార్య గుమ్మంలోకి వచ్చి అతని మొహం కేసే చూస్తోంది.

"ముడెయ్ మావా," అన్నాడు చివరికి మేస్త్రీతో.

దేముణ్ణి మంచంతో సహా ఆటో దాకా మొయ్యాలి. నలుగురు కావలసి వచ్చింది. ముగ్గురు ముందుకొచ్చారు. నాలుగోవాడు ఎవరా అని చూస్తుండగా పోలినాయుడు లోపలికి వచ్చి, విరిగిన కాలున్న వైపు కోడు పట్టుకున్నాడు. దేముడు అతని వైపు చూడలేదు. పైకప్పు కేసి చూస్తూ, "గుమ్మం కాడ కాలు తగల్నీకు," అన్నాడు. పోలినాయుడు ఒళ్ళు వంచి, గుమ్మం దాటేదాకా ఊపిరి బిగపట్టి, కాలు కదలకుండా మోశాడు. సింహాద్రి ముడి పట్టుకుని వాళ్ళ వెనకే వెళ్ళాడు.

తిరిగి వస్తూ, మార్కెట్టు గేటు దాటాక హైమవతి ఉండబట్టలేక అడిగింది.

"ఇంతకీ మీరెంత వేశారు మాస్టారూ?"

మాస్టారు నడక ఆపలేదు.

"ఆ తువ్వాల్లో ఉన్నది ఒక్క కాలేనమ్మా," అన్నారు. "దాంట్లో నాది ఏ ఎముకని చెప్పను?"