అలుగు అడిగిన పచ్చిక

అనగనగా ఒక అడవి. ఆ అడవి నడుమ, వాగు పక్కన ఒక పచ్చిక బయలు. దాన్నే నమ్ముకుని ఒక ఆవుల మంద బతికేది. మందకు పెద్ద బొల్లమ్మ. దాని నుదుటి మీద తెల్లటి మచ్చ ఉండేది, అందుకే ఆ పేరు. దూడలన్నీ తల్లుల దగ్గర పాలు తాగాయో లేదో చూసుకోనిదే అది గడ్డి ముట్టేది కాదు.

కొన్నేళ్లుగా బొల్లమ్మకు ఒక బెంగ పట్టుకుంది. పచ్చిక ఏటేటా పలచబడుతోంది. అక్కడక్కడా నేల బోడిగా బయటపడుతోంది. వాన పడితే నీళ్లు ఇంకకుండా, ఎర్రగా వాగులోకి పరుగెడుతున్నాయి. ఎందుకో దానికి అంతుచిక్కలేదు.

ఒక సాయంత్రం అటువైపు ఒక అలుగు వచ్చింది. ఒంటినిండా పెంకుల్లాంటి పొలుసులు, ముందుకాళ్లకు పొడుగాటి గోళ్లు. నేల తవ్వి చీమలు తిని బతికే జీవి అది.

"బొల్లమ్మా, మీ నేలలో చీమలు తగ్గిపోయాయి. మట్టి గట్టిపడిపోయింది. మీరు మేసే తీరు వల్లేమోనని నా అనుమానం. అనుమానమే, తెలియదు. తెలుసుకోవాలంటే నాకు కాస్త చోటివ్వాలి," అంది.

"చోటిస్తే ఏం చేస్తావు?"

"వాగు పక్క వాలును రెండు ముక్కలు చేద్దాం. ఒక ముక్కలో మీరు ఎప్పటిలాగే రోజూ మేయండి. రెండో ముక్కలో మంద మొత్తం ఒక్కసారి దిగి, మేసి, బయటికి వచ్చేయండి. గడ్డి మళ్లీ మోకాలెత్తు పెరిగేదాకా అందులో మూతి పెట్టొద్దు. నేను రెండు చోట్లా తవ్వి చూస్తుంటాను."

మందలోని ఆబోతు కర్రన్నకు ఒళ్లు మండింది. "మేత మాది, సరదా నీది! ఇది బెడిసికొడితే నువ్వు నీ బొరియలోకి పోతావు. కడుపు మాడేది మా దూడలకు," అంది.

"నిజమే," అంది అలుగు. "మట్టి బాగుపడితే నాకు చీమలు దొరుకుతాయి. నా ఆశ నాకుంది. నష్టమంటూ వస్తే ఎక్కువ మీకే."

దాచకుండా చెప్పిన ఆ మాట బొల్లమ్మకు నచ్చింది. "సరే, చోటిస్తాం," అని మాటిచ్చింది. అలుగు రెండు ముక్కల మధ్య రాళ్లు వరసగా పేర్చింది.

వానలు వెళ్లాయి, చలి వెళ్లింది. మంద ఒక్కసారే మేసి వదిలిన ముక్కలో గడ్డి మెల్లగా లేచింది. అంతలో ఎండలు ముదిరాయి. బయట మేత కరువైంది. ఈనిన ఆవులకు పాలు తగ్గాయి. దూడలు పొదుగులు కుమ్మి కుమ్మి అరిచేవి. రాళ్ల అవతల మాత్రం గడ్డి నిలబడే ఉంది, కానీ ఇంకా మోకాలెత్తు రాలేదు.

బొల్లమ్మ ముందు చెవులు వాల్చుకుని ఊరుకుంది. తర్వాత మందను వాగు దాటించి ముళ్లపొదల్లో మేపింది. ఒక పొద్దున ఒక దూడ లేవలేకపోయింది. ఇక బొల్లమ్మ ఆగలేదు. ఈనిన ఆవులను రాళ్లు దాటించి ఒక మూలకు తీసుకెళ్లింది. "ఈ మూల వరకే," అని, తను అడ్డంగా నిలబడింది. ఆవులు మొదళ్ల దాకా కొరికి తిన్నాయి. దూడ లేచి పాలు తాగింది.

తొలకరికి ముందు, ఆ రెండు ముక్కలు చూడడానికి అలుగు బయలుదేరిందని కబురొచ్చింది.

"అక్కా, చెప్పకు," అంది కర్రన్న. "ఎండకు మాడిందందాం. మాట తప్పామని తెలిస్తే అడవంతా నవ్వుతుంది."

బొల్లమ్మకూ తల కొట్టేసినట్టే ఉంది. మాటిచ్చింది తనే, తప్పిందీ తనే. ఎండ మీదికి నెట్టేస్తే అడిగేవాళ్లు లేరు. కానీ దానికి ఇంకొకటి తోచింది. 'ఎండకు మాడిందంటే, ఈ పద్ధతి ఎండకు ఆగదని అలుగు చెబుతుంది. అది నమ్మి మళ్లీ పాత దారినే పోతాం. మోసపోయేది మేమే.'

అలుగుకు ఎదురెళ్లి, "అయ్యా, ఆ మూల మేపించింది నేనే. దూడ చచ్చిపోయేలా ఉంటే ఆగలేకపోయాను," అని చెప్పేసింది.

అలుగు ముఖం చిన్నబోయింది.

"దూడ బతికిందా?" అని అడిగింది.

"బతికింది."

"అయితే పోనీలే. ఎంతవరకు మేశారో చూపించు." ఆ మూల చుట్టూ విడిగా రాళ్లు పేర్చింది. "ఇక ఇది మూడో ముక్క," అంది.

వానలు పడ్డాయి. అలుగు మూడు చోట్లా తవ్వింది. మంద చుట్టూ నిలబడి చూసింది. రోజూ మేసిన చోట జానెడు లోతు కూడా తడవలేదు. గడ్డిని పెరగనిచ్చిన చోట మట్టి గుల్లగా, తడిగా ఉంది. వేళ్లు లోతుకు దిగాయి. వానపాములు కదిలాయి. తొందరపడి మేసిన మూలలో గడ్డి ఆలస్యంగా, పలచగా మొలిచింది.

"నువ్వు చెప్పకపోతే ఈ మూలను చూసి పొరబడేవాణ్ణి," అంది అలుగు. "గడ్డికి సగం విశ్రాంతి చాలదని ఇప్పుడు తెలిసింది. కరువుకని ఇంకో ముక్క ముందే దాచుకోవాల్సింది. అది నాకు తట్టలేదు. అక్కడ తప్పు నాదే."

ఆ ఏడు మంద బయలంతా ముక్కలు చేసుకుని, ఒకటి తర్వాత ఒకటి మేసింది. ఒక ముక్కను ఎండాకాలానికి అట్టేపెట్టింది. మరుసటి వేసవిలో మేత పుష్కలంగా ఏమీ లేదు. కానీ ఏ దూడా కూలబడలేదు.

అప్పుడు కర్రన్న అలుగు దగ్గరికి వెళ్లింది. "కొండ కింద నేను తిరిగే రాళ్ల నేల ఉంది. అక్కడా ఇలాగే గడ్డి వస్తుందా?"

"నాకు తెలియదు," అంది అలుగు.

"అయితే చూద్దాం. చోటు నేనిస్తాను," అంది కర్రన్న. "ఎవరైనా మధ్యలో మేస్తే చెబుతాను. నేను మేసినా సరే."

నీతి: నిజం తెలుసుకోవాలని పూనుకున్నాక, మన తప్పును దాచకూడదు. దాచితే ముందు మోసపోయేది మనమే.